తలంబ్రాల దగ్గరే ఎందుకు పోతోంది?

పెళ్ళిళ్ళ సీజన్‌లో నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

"అక్కా, మళ్ళీ పోయింది."

"ఎక్కడ పోయింది తమ్ముడూ?"

"ఎక్కడేంటక్కా, సిస్టమ్‌లోనే."

నేను తెనాలిలో ఇంటి దగ్గరే కూర్చుని స్టూడియోలకి పెళ్ళి వీడియోల మిక్సింగ్, అంటే ఎడిటింగ్, చేస్తాను. గుంటూరు, నరసరావుపేట, చీరాల నుంచి హార్డ్‌డిస్కులు ఆర్టీసీ కార్గోలో వస్తాయి. బబుల్ షీటు చుట్టి, దాని మీద పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి పేరు స్కెచ్ పెన్నుతో రాసి పంపిస్తారు. నా దగ్గర ఎడిటింగ్ నేర్చుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నారు. వాళ్ళ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పని మధ్యలో దానంతటదే మూసుకుపోతే, అంటే క్రాష్ అయితే, ఫోన్ నాకే. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది ఇక్కడ అనవసరం. డబ్బు కట్టి కొన్నదైనా, ఫ్రీగా దింపుకున్నదైనా వెతికే పద్ధతి ఒకటే. క్రాక్ వేసినదైతే మాత్రం నన్నడగొద్దని ముందే చెప్పేస్తాను. దాన్లో ఎవడు ఏ ఫైలు మార్చాడో మనకెలా తెలుస్తుంది?

ఫోన్ చేసేలోపే చాలామంది ఒక పని చేసేసి ఉంటారు. విండోస్ కొట్టించేస్తారు. "ఫార్మాట్ కొట్టించేశానక్కా, అయినా పోతోంది" అంటారు, ఏదో పుణ్యకార్యం చేసినట్టు. దాంతో ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకున్న అదనపు ఎఫెక్టులు, పోతాయి, ఫాంట్లు పోతాయి, ఒక రోజు పని పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సాఫ్ట్‌వేర్ ఎందుకు మూసుకుపోయిందో విండోస్ రాసి పెట్టుకున్న రికార్డంతా పోతుంది. డాక్టరు చూడకముందే రిపోర్టులు చింపేస్తే ఇంకేం చూస్తాడు?

కాబట్టి ఏదీ ముట్టుకోకముందు ఒక్కటి తేల్చుకోమంటాను. ప్రతిసారీ ఒకే చోట పోతోందా, చోటు మారుతోందా? ఒకే చోటైతే దోషం ఫైల్లో ఉంది. క్లిప్పో, ఫాంటో, ఎఫెక్టో, ప్రాజెక్టో. చోటు మారుతుంటే మిషన్లో ఉంది. ర్యామో, గ్రాఫిక్స్ కార్డో, కరెంటో, వేడో. అప్పుడప్పుడు ఈ లెక్క తప్పుతుంది గానీ చాలా తక్కువ.

నరసరావుపేట వైపు పెళ్ళి ఒకటి చెప్తాను. రెండు గంటల టైమ్‌లైన్, అంటే క్లిప్పులన్నీ వరసగా పేర్చుకున్న పట్టీ. దాన్ని ఒక్క వీడియో ఫైలుగా మార్చడానికి రెండర్ పెడితే 61 శాతం దగ్గర సాఫ్ట్‌వేర్ మాయం. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, డెస్క్‌టాప్ మీద వాల్‌పేపర్ కనిపిస్తుంది అంతే. అబ్బాయి ఎఫెక్టులు తీసేశాడు, కలర్ తీసేశాడు, అవుట్‌పుట్ ఫార్మాట్ మార్చాడు. ఏం మార్చినా 61 దగ్గరే. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మొండిగా ఒకే చోట పోయేదాన్ని పట్టుకోవడం తేలిక, ఇష్టమొచ్చినప్పుడు పోయేదే ఏడిపిస్తుంది.

టైమ్‌లైన్‌ని సగానికి కోయమన్నాను. మొదటి సగానికి ఇన్, అవుట్ అని మొదలు, చివర గుర్తులు పెట్టి అంతవరకే రెండర్ చెయ్. అయిందా? అయితే దోషం రెండో సగంలో ఉంది. దాన్ని మళ్ళీ సగం చెయ్. రెండు గంటలంటే 7,200 సెకన్లు. సగం సగం చేసుకుంటూ పోతే 13 విడతల్లో ఒక్క సెకను దగ్గరికి వచ్చేస్తాం. నిజానికి అంతదాకా అక్కర్లేదు, నాలుగైదు కోతలకే ఏ ఘట్టమో తెలిసిపోతుంది, ఆ తర్వాత క్లిప్పు క్లిప్పు చూసుకోవచ్చు. రెండర్ కూడా పెద్ద సైజులో వద్దు. చిన్న రిజల్యూషన్ పెట్టినా దోషమున్న క్లిప్పు దగ్గర అలాగే చస్తుంది.

తేలింది తలంబ్రాల దగ్గర. అక్కడ క్యాండిడ్ కెమెరా క్లిప్పు ఒకటి. మిగతా ఫైళ్ళన్నిటికీ కెమెరా ఇచ్చిన నంబర్లే ఉన్నాయి. దీనికి మాత్రం చివర్లో "రిపేర్డ్" అని తగిలించి ఉంది. కెమెరామన్‌కి ఫోన్ చేస్తే విషయం బయటపడింది. తలంబ్రాలు పోస్తుండగా బ్యాటరీ అయిపోయి, రికార్డింగ్ మధ్యలో కెమెరా ఆగిపోయింది. ఫైల్ ఓపెన్ కాకపోతే ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్‌లో వేసి బాగుచేసి, మిగతావాటితో కలిపి పంపేశాడు. ఎవరికీ చెప్పలేదు. వాడి దృష్టిలో బాగైపోయింది కదా.

ఇక్కడ జరిగేదేంటంటే, మన కెమెరాలు ఎంపీ4 రాసేటప్పుడు ఏ ఫ్రేము ఫైల్లో ఎక్కడుందో చెప్పే పట్టికని సాధారణంగా ఆఖర్న, స్టాప్ నొక్కాక రాస్తాయి. కరెంటు ముందే పోతే బొమ్మలుంటాయి, పట్టిక ఉండదు. రికవరీ సాఫ్ట్‌వేర్ అదే కెమెరాలో తీసిన మంచి ఫైలొకటి చూసుకుని, దాన్ని బట్టి పట్టికని అంచనా వేసి రాస్తుంది. ముప్పావు వంతు కుదురుతుంది. కుదరని చోట మన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కుప్పకూలుతుంది.

"కానీ అక్కా, వీఎల్‌సీలో చక్కగా ప్లే అవుతోంది కదా?"

ఈ ప్రశ్న అడగని వాడు లేడు. వీఎల్‌సీ అంటే వీడియో ప్లేయర్, దాని పని మొదటినుంచి చివరిదాకా చూపించడం. మధ్యలో పాడైన ఫ్రేము తగిలితే తెర మీద కాస్త ఆకుపచ్చ మరక వేసి ముందుకి పోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి అలా కుదరదు. నువ్వు ఏ ఫ్రేము మీద వేలు పెడితే ఆ ఫ్రేము కచ్చితంగా తేవాలి. పైగా కెమెరాలు వీడియోని కుదించి దాచే హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఒక పూర్తి బొమ్మ దాచి, తర్వాతి వాటికి ఏం మారిందో అంతవరకే రాస్తుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో పాత బాకీ పై పేజీ నుంచి తెచ్చుకున్నట్టే, మధ్యలో ఒక కాగితం చిరిగితే కింద లెక్కలన్నీ తప్పే. మంచి సాఫ్ట్‌వేరైతే తప్పుందని చెప్పి ఆగాలి. అన్నీ అంత మర్యాదగా ఉండవు.

మందు తేలికే. ఆ ఒక్క క్లిప్పుని షట్టర్ ఎన్‌కోడర్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఎడిటింగ్‌కి వాడే ప్రోరెస్ ఫార్మాట్‌కో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్‌కో మార్చమన్నాను. వీటిలో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. మార్చాక చూస్తే పెళ్ళికూతురి మేనమామ నుదుటి మీద పిడికెడు ఆకుపచ్చ గళ్ళు, కొన్ని ఫ్రేముల పాటు. అంతవరకు కోసేసి రెండో కెమెరా షాట్ వేశాం. రెండర్ నూరు శాతం. ఒక హెచ్చరిక ఏంటంటే, ఇది బాగుంది కదా అని పెళ్ళంతా ప్రోరెస్‌లోకి మార్చొద్దు. 4కేలో సెకనుకి 25 ఫ్రేముల ప్రోరెస్ 422 అంటే సెకనుకి 492 మెగాబిట్లు, నిమిషానికి 3.7 జీబీ దాకా అవుతుంది. డిస్కు నిండిపోతే అది ఇంకో రకం క్రాష్.

ఫోన్లో తీసిన క్లిప్పులదీ ఇదే కథ, కాస్త నెమ్మదిగా. అమెరికా నుంచి రాలేకపోయిన అన్నయ్య శుభాకాంక్షలు చెప్తూ వాట్సాప్‌లో పంపిన వీడియో ఉంటుంది, అది వేసి తీరాలి. ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేముల వేగాన్ని వాటంతటవే తగ్గించుకుంటాయి. 30 అని పైన రాసుంటుంది, లోపల ఒకచోట 30, ఇంకోచోట 22. దానివల్ల ముందు మాటకీ పెదాలకీ పొంతన తప్పుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లలో క్రాష్ దాకా పోతుంది. ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉందేమో చూడండి. ఉంటే వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ పెట్టి మార్చి, తర్వాతే టైమ్‌లైన్ మీదికి తీసుకోండి.

ఫాంట్ల గొడవ మన తెలుగు ఎడిటర్లకి ప్రత్యేకం. చిలకలూరిపేట అబ్బాయి ఒకడు "టైటిల్ తెరిస్తే చాలు, పోతోంది" అన్నాడు. శ్రీరస్తు శుభమస్తు అని రాయబోతేనే అశుభం. వాడి మిషన్లో ఫాంట్ల ఫోల్డర్ తెరిపిస్తే స్క్రోల్ చేస్తున్నా తరగడం లేదు. డీటీపీ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవి, పాత సిస్టమ్ నుంచి ఎత్తుకొచ్చినవి, ఒకే ఫాంటు మూడు పేర్లతో. టైటిల్ టూల్ తెరవగానే ఫాంట్ల పేర్లన్నీ చూపించడానికి సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క ఫైల్నీ చదువుతుంది. అందులో ఒకటి చెడినా చాలు. ఇక్కడా అదే సగం సగం పద్ధతి. బయటినుంచి తెచ్చిన ఫాంట్లన్నీ వేరే ఫోల్డర్‌కి కాపీ చేసి సిస్టమ్ నుంచి తీసెయ్, విండోస్‌తో పాటు వచ్చే నిర్మలా ఫాంటుతో టైటిల్ తెరువు. తెరుచుకుందా? అయితే సగం సగం తిరిగి వేసుకుంటూ రా. దొంగ దొరికింది. సైజు సున్నా కేబీ ఉన్న ఫాంట్ ఫైలు. కాపీ చేస్తుండగా ఎవరో పెన్‌డ్రైవ్ లాగేసి ఉంటారు.

అవుట్‌పుట్ సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిపోతుంటే మాత్రం ఇంత వెతుకులాట వద్దు. రెండర్ నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి పెట్టుంటారు, అది ఫ్యాట్32లో ఉండుంటుంది. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవడమే.

ఇక చోటు మార్చుకుంటూ పోయే రకం. ఒకసారి మెహందీ దగ్గర, ఒకసారి అప్పగింతల దగ్గర, ఒకసారి అసలేం చేయకుండా టీ తాగి వచ్చేసరికి. వీటికి నేను ముందు చూసేది రిలయబిలిటీ మానిటర్. స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని కొడితే వస్తుంది. తేదీల వారీగా గీతలు, పోయిన రోజున ఎర్ర గుర్తు. కింద ఆ రోజు ఏ డ్రైవరు (విండోస్‌కీ కార్డుల్లాంటి పరికరాలకీ మధ్య దుబాసీ సాఫ్ట్‌వేర్), ఏ అప్‌డేటు పడ్డాయో ఉంటుంది. శుక్రవారం గ్రాఫిక్స్ డ్రైవర్ మారింది, శనివారం నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయంటే ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? పాత డ్రైవర్‌కి వెనక్కి పోండి. అసలు సీజన్ మధ్యలో కొత్త డ్రైవర్ వచ్చిందని వేయడం దేనికో నాకర్థం కాదు. ఎన్‌విడియా కార్డున్నవాళ్ళు గేములకిచ్చేది కాకుండా స్టూడియో డ్రైవర్ వేసుకోవడం మంచిది.

అంతకంటే లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్, విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా. విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్, అందులో ఎర్రగా ఉన్న 1000 నంబరు ఎంట్రీ. "ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్" అన్న లైను చదవండి. అక్కడ ఎన్‌వీతో మొదలయ్యే ఫైలు పేరుంటే చూపు ఎన్‌విడియా డ్రైవర్ వైపు తిప్పాలి. ప్లగిన్ పేరుంటే ఆ ప్లగిన్ తీసి చూడాలి. ఎన్‌టీడీఎల్ఎల్ అని ఉంటే పెద్దగా తెలిసిందేం లేదు, అది విండోస్ సొంత ఫైలు, ఎవరు చేసిన పాపమైనా చివరికి అక్కడే బయటపడుతుంది. ప్రతిసారీ వేరే వేరే పేర్లుంటే మాత్రం నేను ర్యామ్‌ని అనుమానిస్తాను. రాత్రి పడుకునేముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టమంటాను. పొద్దున్నే ఒక్క ఎర్రర్ కనిపించినా సరే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆపి మళ్ళీ చూడాలి, అప్పటికీ వస్తే ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి చూడాలి. ర్యామ్ పీకి, కాళ్ళ దగ్గర మెరిసే పసుపుపచ్చ గీతల్ని రబ్బరుతో తుడిచి పెడితే బాగైన సందర్భాలు కూడా ఉన్నాయి.

గ్రాఫిక్స్ మెమరీ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే కార్డు కొనేటప్పుడు దాని పేరు చూస్తారు గానీ మెమరీ చూడరు. ఒక 4కే ఫ్రేమంటే 3840 ఇంటు 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత ఒక్కోదానికి 32 బిట్ల చొప్పున పనిచేసేటప్పుడు ఒక్కో చుక్కకి 16 బైట్లు. మొత్తం ఒక్క ఫ్రేముకే 133 ఎంబీ. గ్రెయిన్, అంటే చీకట్లో తీసిన బొమ్మ మీద కనిపించే రవ్వ, తీసే ఎఫెక్టు ముందు రెండు, వెనక రెండు ఫ్రేములు కూడా చూస్తుంది. దాని మీద ఒక లేయరు, పూలు రాలే ఓవర్‌లే ఒకటి, టైటిల్ ఒకటి. 4 జీబీ కార్డు ఎంతసేపాగుతుంది? దీనికి తోడు విండోస్‌కి ఒక నియమం ఉంది, గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్ల పాటు జవాబివ్వకపోతే అది చచ్చిందనుకుని డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. కార్డు నిజానికి చావలేదు, పని ఎక్కువై తల ఎత్తలేదంతే. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ కింద 4101 నంబరు కనిపిస్తే ఇదే. గ్రెయిన్ తీసే ఎఫెక్టు ముందే విడిగా రెండర్ చేసి పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

ఇందులోనే ఇంకో చిక్కు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2లో హెచ్.265 తీస్తున్నారు. ఎన్‌విడియా కార్డులు దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పడం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. అదే పని ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే చిన్న గ్రాఫిక్స్ 11వ తరం నుంచీ చేస్తోంది. కానీ మనవాళ్ళు కొంచెం తగ్గుతుందని పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ కొంటారు. ఎఫ్ అంటే అందులో గ్రాఫిక్స్ లేనట్టే. అంత ఖర్చుపెట్టి వేసిన కార్డు చూస్తూ కూర్చుంటుంది, ప్రాసెసర్ ఒక్కటే రొప్పుతూ మోస్తుంది. అలాంటి మిషన్లో ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకళ్ళు, చేసుకోకుండా పని మొదలెట్టొద్దు.

వైశాఖంలో ముహూర్తాలు, పల్నాడులో ఎండలు, ఒకేసారి. మధ్యాహ్నం రెండింటికి పోయి, రాత్రి పన్నెండింటికి అదే ప్రాజెక్టు నిక్షేపంగా రెండర్ అవుతోందంటే సాఫ్ట్‌వేర్‌లో ఏమీ లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టుకుని వేడి ఎంతుందో చూడండి. ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, పెట్టె అంత త్వరగా ఆగదు. పవర్ సప్లై అలా కాదు, దానికి నోరు లేదు, ఒక్కసారే తెగ్గొడుతుంది. మిషన్ మొత్తం టప్‌మని ఆగి, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 తప్ప ఇంకేమీ లేకపోతే కరెంటు దారి పట్టుకుని వెతకాలి.

చీరాల స్టూడియోలో అలాగే ఒక కేసు. రోజూ ఆగిపోతోంది, టైముకి లెక్కలేదు. కొత్త ర్యామ్ వేశారు, కొత్త పవర్ సప్లై వేశారు. "ఆగినప్పుడు ట్యూబ్‌లైట్ రెప్ప కొడుతుందా?" అని అడిగాను. అక్కడి కుర్రాడు కాసేపు ఆలోచించి "కరెంటు పోయి ఇన్వర్టర్ ఎత్తుకున్నప్పుడు కొడుతుందక్కా" అన్నాడు. చాలా ఇన్వర్టర్లకి వెనకో ముందో చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్ ఒకటి, ఈకో లేదా నార్మల్ మోడ్ ఇంకోటి. నార్మల్‌లో ఉంటే మార్పిడికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఫ్యాన్లకీ లైట్లకీ ఆ జాగు తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. స్విచ్ యూపీఎస్ వైపు తోయించాను. మర్నాడు వాళ్ళ ఓనరు ఫోన్ చేసి, "అమ్మా, పవర్ సప్లై కొన్న షాపువాడు వెనక్కి తీసుకుంటాడంటారా?" అన్నాడు. దానికి నా దగ్గర మందు లేదు.

రేపు పొద్దున్న పార్టీ వచ్చి కూర్చుంటుందంటే మాత్రం ఇవేవీ చేయకండి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకోవడం) ఆపేయండి, పని నెమ్మదిస్తుంది గానీ గ్రాఫిక్స్ కార్డు వల్ల వచ్చే క్రాష్‌లు ఆగుతాయి. పెళ్ళిని ముక్కలుగా రెండర్ చేయండి. హల్దీ ఒక ఫైలు, స్నాతకం ఒకటి, జీలకర్ర బెల్లం నుంచి మంగళసూత్రం దాకా ఒకటి, తలంబ్రాలు ఒకటి. ఒక ముక్క పోయినా మిగతావి చేతిలో ఉంటాయి. ఆ ముక్కల్ని కొత్త ప్రాజెక్టులో వరసగా పెట్టి, ఎఫెక్టులేవీ లేకుండా మళ్ళీ ఒక్క ఫైలు చేయండి. ప్రాజెక్టే తెరుచుకోకపోతే ఖాళీ ప్రాజెక్టు తెరిచి, దాన్లోకి పాతదాన్ని ఇంపోర్ట్ చేసి చూడండి, లేదా ఆటోసేవ్ ఫోల్డర్‌లో పొద్దుటి కాపీ తీసుకోండి. ఆటోసేవ్ ఐదు నిమిషాలకి పెట్టుకోవాలి. ప్రాజెక్టు ఉన్న డ్రైవ్‌లోనే కాకుండా ఇంకో డ్రైవ్‌లో.

ఇంకా తేలకపోతే ఫోన్ చేయండి. చేసేముందు ఆ 1000 నంబరు ఎంట్రీని స్క్రీన్‌షాట్ తీసి పంపండి, మానిటర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి కాదు, గీతలు పడి అక్షరాలు కనపడవు. తొమ్మిది దాటాక చేయొద్దు, ఆ టైముకి నా మిషన్ కూడా రెండర్‌లో ఉంటుంది.